కొలిచినంతసేపూ

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కొలతలమ్మ పనిదొంగ కాదు. పని ఎగ్గొట్టి తప్పు చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఆమె ఒళ్ళొంచి, పూసగుచ్చినట్టు రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని మరీ చేసింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మిషన్లకి బిగించే కంట్రోల్ పెట్టెలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో ఆమెకి ఉద్యోగం. పెట్టె లోపలి టైమరు చెప్పిన క్షణానికే మోగుతోందా, ముందూ వెనకా అవుతోందా అని కొలిచి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాలి. పదహారేళ్ళుగా అదే పని కాబట్టి ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంట్లోనూ అదే పేరు. వాళ్ళాయన బడిలో లెక్కల మాస్టారు. కూరలో ఉప్పు తగ్గిందని ఆయన అంటే ఈవిడ "ఎంత తగ్గింది?" అని అడుగుతుందట. అడిగినా అడుగుతుంది, చెప్పలేం.

ఇక జిగురు బాబాయి. ఊరి చివర రోడ్డు మీదున్న అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జిగురు మిషను ఆయనది. ఆయనదంటే సొంతం అని కాదు, ఇరవై రెండేళ్ళుగా దాని పక్క స్టూలు మీద కూర్చున్నది ఆయనే. మందుల సీసాలకి పెట్టే చిన్న చిన్న అట్టపెట్టెలుంటాయే, అవి. అట్టలు బల్లపరుపుగా కట్టలు కట్టలుగా వస్తాయి. బాబాయి ఒక్కో కట్ట తీసి, అంచులు విదిలించి, నాలుగు పక్కలా తట్టి సమంగా చేసి, మిషను నోట్లో నిలబెట్టి బటన్ నొక్కుతాడు. అక్కణ్ణించి అట్టలు ఒకదాని వెనక ఒకటి సెకనుకి మూడు మీటర్ల చొప్పున పరిగెడతాయి. దారిలో సెన్సారు అట్టని చూస్తుంది. చూసిన నాలుగు మిల్లీసెకన్లకి నాజిల్ తెరుచుకుని అట్ట మడత మీద జిగురు చిమ్మాలి. మడత వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీసెకను ఆలస్యమైతే అట్ట మూడు మిల్లీమీటర్లు ముందుకెళ్ళిపోతుంది, మూడు మిల్లీసెకన్లయితే జిగురు మడత దాటి గాల్లో పడుతుంది. పెట్టె అంటుకోదు. అంతే సంగతి.

రెండు నెలల కింద ఈ మిషనుకి కొలతలమ్మ కంపెనీ నుంచి కొత్త కంట్రోల్ పెట్టె తెచ్చి బిగించారు. పాతదాంట్లో రెండు బోర్డులుండేవి. జిగురు పని ఒకటి చూసుకునేది, బాబాయి ముందుండే తెర పని ఇంకోటి చూసుకునేది. కొత్తదాంట్లో ఒకే బోర్డు. ఒకే ఇంట్లో రెండు కాపురాలు పెట్టినట్టు, ఆ ఒక్క బోర్డు మీదే జిగురు పనికి ఒక లినక్స్, అంటే కంప్యూటరుని నడిపించే మూల ప్రోగ్రాం, తెర పనికి ఇంకో లినక్స్. ఎవరికి వాళ్ళు ఇల్లంతా తమదే అనుకుంటారు. ఇద్దరికీ వంతులేసి చోటు చూపించే పెద్దమనిషి ఒకడు కింద ఉంటాడు, ఆయన పేరు హైపర్‌వైజరు. కొలతలమ్మ ఆఫీసులో మాత్రం అందరూ ఆయన్ని ఇంటి ఓనరు అనేవాళ్ళు.

కొత్త పెట్టె వచ్చిన మూడో వారం నుంచి అట్టలు పాడవడం మొదలైంది. రోజుకి ఇరవై, ఒక్కోరోజు నలభై. ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు, కొలతలమ్మ ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని వెళ్ళింది.

వెళ్ళి ఏం చేసింది? పద్ధతి ప్రకారం చేసింది. పెట్టెకి వైరు తగిలించి తన కొలత ప్రోగ్రాం మొదలుపెట్టింది. ఆ ప్రోగ్రాం జిగురు లినక్స్‌లో కూర్చుని, మిల్లీసెకనుకోసారి "నన్ను లేపు" అని టైమరుకి చెప్పి పడుకుంటుంది. లేచాక ఎంత ఆలస్యంగా లేపారో రాసుకుంటుంది. ఆ ఆలస్యం అన్నిసార్లూ ఒక్కలా ఉంటే బాధ లేదు, లెక్కలో కలిపేసుకోవచ్చు. ఒకసారి కాస్త, ఒకసారి బోలెడు అయితేనే చిక్కు. ఆ హెచ్చుతగ్గులనే వీళ్ళు జిట్టర్ అంటారు.

పది నుంచి పన్నెండు దాకా కొలిచింది. అన్నిటికన్నా పెద్ద ఆలస్యం మిల్లీసెకనులో పాతికో వంతు. అంటే ఏమీ లేనట్టే. ఆ రెండు గంటల్లో ఒక్క అట్ట కూడా పాడవలేదు.

"బానే ఉంది కదా బాబాయ్," అంది.

"ఇప్పుడు బానే ఉందమ్మాయ్. పొద్దున లేదు," అన్నాడాయన.

ఆమె వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పద్నాలుగు పాడయ్యాయి. మర్నాడు రెండింటికి వచ్చి నాలుగింటి దాకా కూర్చుంది. ఒక్కటి పాడైతే ఒట్టు. ఆమె గేటు దాటిందో లేదో మళ్ళీ మొదలు. మూడోరోజు పొద్దున వచ్చింది, మళ్ళీ అదే కథ. కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయింది ఆమె పని. కొలవడానికి జబ్బు ఉండాలి కదా, ఆమె వస్తే జబ్బే లేదాయె.

బాబాయికి ఒక అలవాటుంది. పాడైన అట్టని పారెయ్యడు. దాని మూల మీద ఎర్ర పెన్సిల్‌తో టైము రాసి, స్టూలు కింద పేరుస్తాడు. ఎవరూ చెయ్యమన్న పని కాదది. మూడోరోజు వెళ్ళబోతూ కొలతలమ్మ ఆ అట్టలన్నీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కోటీ చూసింది. మొదటిరోజువి ఎనిమిదిన్నర, తొమ్మిదీ పది, తొమ్మిదీ నలభై. ఆ తర్వాత పన్నెండూ ఐదు. రెండోరోజువి చూసింది. ఒకటీ యాభై, తర్వాత నాలుగూ మూడు. తను కూర్చున్న గంటలన్నీ ఖాళీ. తను లేని గంటలన్నీ నిండుగా ఉన్నాయి.

ఆమెకి బుర్ర గిర్రున తిరిగింది. "నన్ను చూసి మిషను భయపడుతోందా బాబాయ్?" అంది, నవ్వబోయి.

బాబాయి నవ్వలేదు. "అదే నాకూ అర్థం కావట్లేదు తల్లీ," అన్నాడు. "కట్ట సరిగ్గానే పెడుతున్నాననుకుంటున్నాను. నువ్వున్నప్పుడూ అలాగే పెడతాను, లేనప్పుడూ అలాగే పెడతాను. అలా అనుకుంటున్నాను మరి." చేతుల వంక ఓసారి చూసుకున్నాడు. పోయిన వారమే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి కొత్త అద్దాలు తెచ్చుకున్నాడు. అయినా ఇంట్లో పిన్ని స్కూటరు తాళాలు తీసి దాచేసిందట. "మిషనే సరిగ్గా చూసుకోలేనివాడివి రోడ్డేం చూస్తావు" అందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది.

కట్ట వంకరగా పెడితే అట్ట వంకరగా పోతుంది, జిగురు మడత దాటి పడుతుంది. అదీ నిజమే. అందుకే చూడండి, ఇక్కడే వచ్చింది తంటా.

ఆ సాయంత్రం కొలతలమ్మ ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి, మాస్టారికి మొత్తం చెప్పింది. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. తలెత్తకుండానే తేల్చేశాడు.

"దీన్లో ఏముంది? నేను క్లాసులో ఉన్నంతసేపూ ఒక్కడు నోరెత్తడు. నేనిలా బయటికొస్తే అలా సంత మొదలవుతుంది. ఎవరైనా చూస్తుంటే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు. చూడకపోతే చెయ్యడు."

"ఆయన అలాంటి మనిషి కాదండీ."

"అలాంటి మనిషని నేనన్నానా? వయసైపోతోంది. నువ్వు పక్కనుంటే జాగ్రత్త పెరుగుతుంది, లేకపోతే చెయ్యి జారుతుంది. పాపం ఆయనకే తెలీదు."

పాపం ఆయనకే తెలీదు. ఆ మాట ఆమె మనసులో కూర్చుండిపోయింది. బాబాయి చేతులు చూసుకోవడం కూడా గుర్తొచ్చింది. టైమరు మంచిదని మూడు రోజుల అంకెలు చెబుతున్నాయి. ఇవే పెట్టెలు ఇంకో పదకొండు చోట్ల ఉన్నాయి, ఎక్కణ్ణించీ ఫిర్యాదు లేదు. అక్కడి మడతలు వేలెడంత వెడల్పు, జిగురు కాస్త అటూ ఇటూ పడినా అంటుకుంటుందన్న సంగతి ఆమెకి ఆ పూట తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

మర్నాడు రిపోర్టులో రాసింది. "టైమరులో దోషం లేదు. పర్యవేక్షణ ఉన్న సమయంలో ఒక్క అట్ట కూడా పాడవలేదు. పర్యవేక్షణ లేని సమయంలోనే పాడయ్యాయి." అక్షరాలా నిజం. కింద సంతకం పెట్టింది.

వారం తర్వాత పెద్దసారు, అంటే ఆమె పైఆఫీసరు, మాటల మధ్యలో చెవిన వేశాడు. "నీ రిపోర్టు భలే పనికొచ్చిందిలే. ఆ అట్టల ఫ్యాక్టరీవాళ్ళు వాళ్ళ ముసలాయన్ని మిషను మీద నుంచి తీసేస్తున్నారు. సోమవారం నుంచి గోడౌన్లో మోపులు కట్టే పనిట. ఆయన కూడా నా తప్పేనని రాసి సంతకం పెట్టేశాడు."

కొలతలమ్మ తన రిపోర్టులో బాబాయి మాటే లేదే, ఆయన తప్పని ఎక్కడా రాయలేదే అని తనకి తనే చెప్పుకుంది. చెప్పుకుంటే సరిపోతుందా? ఆ మూడు వాక్యాలు చదివినవాడెవడికైనా నాలుగోది దానంతటదే వస్తుంది. ఆమెకీ తెలుసది. రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లింది. తెల్లారగానే ఆఫీసుకి సెలవు చెప్పి ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఈ మొహం పెట్టుకుని ఏం చెప్పాలో తెలీదు, అయినా వెళ్ళింది.

శుక్రవారం. బాబాయి ఎప్పట్లాగే స్టూలు మీదున్నాడు. ఆమెని చూసి ఇంకో స్టూలు లాగి, మీద గుడ్డతో తుడిచి, కూర్చోమన్నాడు.

"వైరు పెట్టవా?"

"ఇవాళ కొలవడానికి రాలేదు బాబాయ్. మీతో మాట్లాడదామని వచ్చాను."

"మాట్లాడు మరి," అని కట్ట తీసుకున్నాడు.

 ఆ కాగితం రాసింది నేనేనని ఎలా మొదలుపెట్టాలి? మొదలుపెట్టలేక ఆయన చేతుల వంకే చూస్తూ కూర్చుంది. అంచులు విదిలించాడు. నాలుగు పక్కలా తట్టాడు. నిలబెట్టాడు. బొటనవేలితో అంచు మీద ఓసారి రాసి చూశాడు. బటన్ నొక్కాడు. అట్టలు పరిగెత్తాయి.

అవతలి చివర ఒక అట్ట నోరు తెరుచుకుని పడింది.

ఆయన లేచి వెళ్ళి, అట్ట తీసుకొచ్చి, ఎర్ర పెన్సిల్‌తో పదీ ఇరవై అని రాసి స్టూలు కింద పెట్టాడు. రెండు కట్టల తర్వాత ఇంకోటి. దాని వెనకే ఇంకోటి.

కొలతలమ్మ నిటారుగా కూర్చుంది. తను ఇక్కడే ఉంది. చూస్తూనే ఉంది. ఇంతకన్నా పర్యవేక్షణ ఇంకేముంటుంది? ఆయన చెయ్యి జారలేదు, కట్ట గీత గీసినట్టు ఉంది. మరి జిగురెందుకు తప్పింది? మాస్టారి క్లాసూ లేదు, సంతా లేదు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అంతకుముందు మూడు రోజులు తికమక పడింది కదా, అదంతా ఒక ఎత్తు, ఈ ఒక్క నిమిషం ఒక ఎత్తు.

"బాబాయ్, ఒక్క నిమిషం," అని సంచి విప్పి, ల్యాప్‌టాప్ తీసి, వైరు తగిలించింది. తగిలించి ఊరుకుంది. పావుగంటలో నాలుగు పాడయ్యాయి. వైరు వల్ల కాదన్నమాట. అప్పుడు ప్రోగ్రాం మొదలుపెట్టింది. పావుగంట, ఒక్కటీ లేదు. ఆపేసింది. మూడు పాడయ్యాయి. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి లేచి బయటికెళ్ళి నీళ్ళ కుళాయి దగ్గర ఊరికే నిలబడింది. ఎండ నెత్తి మీద కొడుతున్నా కదల్లేదు. ఇరవై నిమిషాలకి లోపలికొచ్చి స్టూలు కిందికి వంగి చూసింది. కొత్త అట్ట ఒక్కటి లేదు.

"ఎక్కడికెళ్ళావు? ఇప్పుడు బాగా నడిచిందే, నువ్వు లేకపోయినా," అన్నాడు బాబాయి, తనే వింతపడుతూ.

ఆమె ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తన ప్రోగ్రాం తెరిచింది. మొదటి పేజీలోనే ఉందది, తన చేత్తో తను రాసిన వాక్యం. ఐదేళ్ళ కింద, కొలతలు శుభ్రంగా రావడం కోసం పెట్టింది. దాని అర్థం ఇంతే. నేను కొలుస్తున్నంతసేపూ ప్రాసెసరుని కునుకు తియ్యనివ్వకు.

పాత బోర్డుల్లో ప్రాసెసరుకి నిద్రన్నదే లేదు. ఆ వాక్యం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే, కాబట్టి దాని సంగతి ఆమె మర్చేపోయింది. కొత్త ఇల్లు అలాంటిది కాదు. అట్టకీ అట్టకీ మధ్య జిగురు లినక్స్‌కి పని ఉండదు. "ప్రస్తుతానికి నాకు పనిలేదు" అని అది అన్న మరుక్షణం ఇంటి ఓనరు ఆ గది లాక్కుంటాడు. లాక్కుని తెర లినక్స్‌కి ఇస్తాడు, లేదా దీపం ఆర్పి ప్రాసెసరుని పడుకోబెట్టేస్తాడు. తీరా టైమరు మోగాక అవతలివాణ్ణి లేపి పంపించి, దీపం వెలిగించి, జిగురువాణ్ణి పిలవాలి. ఒక్కోసారి చిటికెలో అవుతుంది, ఒక్కోసారి మూడు మిల్లీసెకన్లు పడుతుంది. ఈవిడ ప్రోగ్రాం లోపల కూర్చున్నప్పుడు మాత్రం, అది కునుకు తియ్యనివ్వదు కాబట్టి, జిగురు లినక్స్ గది వదలదు. అందుకే ఆలస్యం లేదు. ఈవిడ కొలిచింది తను లేపి కూర్చోబెట్టిన మిషనుని. పర్యవేక్షణ చేసింది మనిషి కాదు, ఆ ఒక్క వాక్యం.

ఆమెకి సిగ్గేసింది, భయమేసింది. అన్నిటికన్నా ఎక్కువగా తన మీద తనకి కోపమొచ్చింది. పదహారేళ్ళు కొలతలమ్మ అనిపించుకుని ఏం లాభం?

అక్కడే నిలబడి పెద్దసారుకి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు.

"సరే, దొరికింది కదా," అన్నాడు. "ఆ వాక్యమేదో జిగురు ప్రోగ్రాంలోనే పెట్టేద్దాం. ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. మామూలు అప్‌డేటు అని చెప్పి ఎక్కించెయ్. అంతటితో అయిపోతుంది."

"నా రిపోర్టు?"

"రిపోర్టుదేముంది? నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదుగా. మళ్ళీ ఆ రాతకోతలన్నీ ఎందుకు? పదకొండు చోట్ల నీ సంతకాలే ఉన్నాయి, అది గుర్తుపెట్టుకో."

"ఆయన తన తప్పేనని సంతకం పెట్టాడండీ."

"అది వాళ్ళ ఫ్యాక్టరీ గొడవ. మనకెందుకు?"

మనకెందుకట. నిమ్మకు నీరెత్తినట్టు అన్నాడు ఆ మాట. ఏం చెప్పమంటారు, ఇలాంటివాళ్ళకి రక్తపోటు కూడా రాదు. కొలతలమ్మ "ఉంటానండీ" అని ఫోన్ పెట్టేసింది. శనివారం పొద్దున ఆఫీసులోంచి స్కోపు, అంటే వైర్ల మీద జరిగేది బయట నుంచే గీతగా చూపించే యంత్రం, ఎవరినీ అడక్కుండా చంకనేసుకుని ఫ్యాక్టరీకి వచ్చింది. ఒక వైరు సెన్సారుకి, ఒకటి నాజిల్‌కి తగిలించింది. కొలత ప్రోగ్రాం ఊసెత్తలేదు. మేనేజరుని పిలిచి నిలబెట్టింది.

నాలుగు మిల్లీసెకన్ల దగ్గర రావాల్సిన గీత ఒకసారి నాలుగు దగ్గర వచ్చింది, ఒకసారి ఐదు దగ్గర, ఒకసారి ఏడు దగ్గర. ఏడు దగ్గరికొచ్చిన ప్రతిసారీ అవతలి చివర ఒక అట్ట నోరు తెరిచింది. ఆ తర్వాత ప్రోగ్రాం మొదలుపెట్టింది. గీత మేకు కొట్టినట్టు నాలుగు దగ్గరే నిలబడింది.

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. "అంటే మీరు కొలిస్తే బాగవుతోంది. కొలవకపోతే పాడవుతోంది. మరి కొలవకుండా పాడైందని ఎలా తెలుస్తుంది?"

"తెలీలేదు కాబట్టే ఇలా అయింది," అంది.

"మీరే రాశారుగా టైమరులో దోషం లేదని."

"నేనే రాశాను. తప్పు రాశాను." సంచిలోంచి కొత్త కాగితం తీసింది. పాత రిపోర్టు చెల్లదని, దోషం పెట్టెలోదని, అట్టలు పెట్టే మనిషికీ దీనికీ సంబంధం లేదని, మిగతా పదకొండు పెట్టెలూ మళ్ళీ కొలవాలని రాసి ఉంది. కింద ఆమె సంతకం. "ఆయన చేత రాయించుకున్న కాగితం ఇచ్చెయ్యండి."

మేనేజరు మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను గానీ, మూర్ఖుడైతే కాదు. ఇంకోసారి గీత వంక చూసి, ఆఫీసు గదిలోకెళ్ళి, ఫైల్లోంచి కాగితం తెచ్చి బాబాయి చేతిలో పెట్టాడు. "గోడౌన్ లేదులే. సోమవారం మీ స్టూలు మీద మీరే," అని వెళ్ళిపోయాడు.

బాబాయి కాగితం విప్పి, తన రాత తనే చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. కొలతలమ్మ అప్పుడు చెప్పింది మొత్తం. ఆ కాగితానికి మూలం తన రిపోర్టేనని, మూడు రోజులు తనే మిషనుని లేపి కూర్చోబెట్టి, నేరం ఆయన మీదికి తోసేశానని. 

ఆయన తిడతాడనుకుంది. తిడితే బావుండుననుకుంది.

"అలా అనుకోకమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళు పెట్టమన్నారని పెట్టలేదు నేను ఆ సంతకం. నిజమే అనుకుని పెట్టాను. నువ్వుంటే బాగుంటోంది, నువ్వెళ్తే చెడిపోతోంది. నేను కాకపోతే ఇంకెవరు అనుకున్నాను."

ఆమె స్కోపు వైర్లు ఒక్కోటీ విప్పి చుట్టుకుంది.

ఆదివారమంతా ఇంట్లో కూర్చుని ఆ వాక్యాన్ని జిగురు ప్రోగ్రాంలోకి ఎక్కించి, సరిచూసి, మాస్టారు "భోజనానికి రావే" అంటే రెండుసార్లు వస్తున్నానని చెప్పీ రాకుండా, పని ముగించింది. సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీకెళ్ళి పెట్టెలో వేసింది. స్కోపుతో అరగంట చూసింది. కొలత ప్రోగ్రాం లేకుండానే గీత నాలుగు దగ్గర నిలబడింది, మళ్ళీ కదల్లేదు. స్కోపు సర్దేసుకుంది. పెద్దసారు పదింటికి రమ్మన్నాడు, ఎందుకో ఆమెకి తెలుసు.

"ఇంక దీనికి నేను అక్కర్లేదు బాబాయ్. దానంతటదే నడుస్తుంది. వెళ్ళొస్తాను."

బాబాయి కట్ట చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. బటన్ నొక్కలేదు. గుమ్మం దాకా వెళ్ళిన ఆమె మిషను చప్పుడు వినబడక వెనక్కి తిరిగి చూసింది.

"ఏమైంది?"

"ఏం లేదు." ఆయన అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "కాసేపు కూర్చుని వెళ్తావా తల్లీ?"

"పెట్టె బాగైపోయింది బాబాయ్. ఒట్టు. నేనున్నా లేకపోయినా ఒకటే."

"పెట్టె గురించి కాదు," అన్నాడాయన.

కొలతలమ్మ గుమ్మంలోంచి తిరిగొచ్చి, సంచి నేల మీద పెట్టి, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. జేబులో ఫోను మోగింది, తియ్యలేదు. మధ్యాహ్నం దాకా ఒక్క అట్ట కూడా పాడవలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న బాబాయి మాత్రం ప్రతి కట్టా నిలబెట్టాక ఆమె మొహం వంక చూసి, ఆమె సరేనని తలూపాకే బటన్ నొక్కాడు.